సబ్బినాటి నట్టనడుమ

మేనల్లుడికి ఐదేళ్లు. రాజన్న గుడి చుట్టూ కోడెను తిప్పుతుంటే పగ్గాన్ని రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాడు, ఎక్కడ వదిలించుకొని పోతుందో అన్నట్టు. కోడె మాత్రం ఏ తొందరా లేకుండా నడిచింది. అడుగడుగుకూ దాని గంగడోలు అటూ ఇటూ ఊగింది. మెడలో మువ్వ మోగింది. సిరిసిల్ల నుంచి, కోరుట్ల నుంచి, జగిత్యాల నుంచి, ఇంకా ఎక్కడెక్కడి నుంచో వచ్చే జనం తరతరాలుగా వేములవాడలో చెల్లిస్తున్న మొక్కు ఇది. కోడెను పట్టుకొని గుడి చుట్టూ తిరగాలి, కట్టెయ్యాలి, దండం పెట్టుకోవాలి. పంటకైనా పాపకైనా ప్రాణానికైనా ఇదే మొక్కు.

మొక్కు తీరినంక మావాళ్లంతా ధర్మగుండం పక్కన నీడ చూసుకొని కూర్చున్నారు. నా మనసు ఇంకో ఎద్దు మీదికి పోయింది. వెయ్యేళ్ల కిందట, వేములవాడను చాళుక్యులు ఏలుతున్న కాలంలో, ఒకాయన ఈ చుట్టుపక్కలే ఒక రాతిగుట్ట ముందు నిలబడి దాని గురించి రాసి పెట్టాడు. గుట్ట పేరు వృషభగిరి అని రాశాడు. ఎద్దు కొండ. పొద్దుగూకేలోపు వస్తానని చెల్లెకు చెప్పి బయలుదేరాను.

ఇప్పుడు దాన్ని వృషభగిరి అని ఎవరూ అనరు. బొమ్మలగుట్ట అంటారు, బొమ్మలమ్మ గుట్ట అంటారు. కరీంనగర్ నుంచి జగిత్యాల పోయే రోడ్డులో, గంగాధర మండలంలో కురిక్యాల అనే ఊరుంది. ఆ ఊరి గుట్ట అది. రోడ్డు మీద బస్సులో పోయేవాళ్లకు అది మామూలు గుట్టల్లో ఒక గుట్ట. ఈ నేలంతా అట్లాంటివే. పొలాల మధ్య ఉన్నట్టుండి ఒక బండ లేస్తుంది. దాని మీద ఇంకో బండ, ఎవరో తెచ్చి ఆనించి పెట్టినట్టు. రెండింటి మధ్య సందులోంచి ఒక వేప మొలక. మనం పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాం కాబట్టి వింతగా తోచదు. సముద్రపు ఒడ్డు నుంచి వచ్చిన ఒక స్నేహితుడికి మొదటిసారి ఈ గుట్టలు చూపించినప్పుడు ఆయన బండి ఆపమన్నాడు. ఎండలో దిగి, నడుం మీద చేతులు పెట్టుకొని, చాలాసేపు మాట్లాడకుండా నిలబడ్డాడు. ఆ రోజు నుంచి నేను వీటిని ఆయన కళ్లతో చూడటం నేర్చుకున్నాను.

ఈ బండల వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. ఆ అంకె చెప్పుకోవడం తేలికే, మనసులో ఇముడ్చుకోవడమే కష్టం. హిమాలయాలు పైకి లేవడం మొదలై 5 కోట్ల ఏళ్లే. ఈ శిల గడ్డకట్టిన నాటికి గాలిలో ఇప్పటి మాదిరి ప్రాణవాయువు లేదు. గడ్డి లేదు, చేప లేదు, రెక్క లేదు. భూమి లోపల ఎంతో లోతున, కరిగిన రాయి ఎవరూ చూడకుండా, తొందర లేకుండా చల్లారింది. అట్లా నెమ్మదిగా చల్లారింది కాబట్టే దానిలో పలుకులు అంత పెద్దగా, అంత స్పష్టంగా కట్టాయి. పైనున్న నేల కోట్ల ఏళ్ల వానలకు కొట్టుకుపోతే, నెత్తి మీద బరువు తగ్గిన బండ కొంచెం ఉబ్బి, ఉల్లిపొరల్లా పగిలింది. పగుళ్లలోకి నీళ్లు దిగాయి. నీళ్లు మూలలను తిన్నాయి. పలకలుగా ఉన్నవి గుండ్లయ్యాయి. ఇప్పుడు మనం చూస్తున్న ఈ పేర్పు, బండ మీద బండ, ఎవరూ పేర్చలేదు. చుట్టూ ఉన్నదంతా కరిగిపోగా మిగిలినవి తమంతట తాము అట్లా ఆగాయి.

గుట్ట కింద సీతాఫలం చెట్ల మధ్య ఒక పెద్దమ్మ మేకలను తోలుకొని వస్తున్నది. 

"యాడికి బిడ్డా? బొమ్మలమ్మ కాడికా?" 

అవునన్నాను. 

"పో. పైలం, బండ కాలుతున్నది. అమ్మ కాళ్ల కింద అచ్చరాలున్నయ్, చూడు."

ఆమె చెప్పినట్టే బండ కాలుతున్నది. చెప్పులు విడిచి నాలుగడుగులు వేసేసరికి అరికాళ్లు చురుక్కుమన్నాయి. పైకి ఎక్కాక నిటారుగా లేచిన ఒక రాతి గోడ. దాని మీద బొమ్మలు. చేతుల్లో చక్రాలతో చక్రేశ్వరి, బట్టలు లేకుండా కదలకుండా నిలిచిన తీర్థంకరులు. చక్రేశ్వరి మొదటి తీర్థంకరుడైన వృషభనాథుడి యక్షి. ఆయన గుర్తు ఎద్దు. జైనుల దేవతని ఊరు బొమ్మలమ్మను చేసుకొని పసుపు కుంకుమ పెట్టుకున్నది. ఎవరు చెక్కించారో, ఏ మతమో ఊరు అడగలేదు. అమ్మ అనుకున్నది, అంతే. అట్లా అనుకోవడమే ఈ బొమ్మలను ఇంతకాలం కాపాడింది.

అమ్మ కింద అక్షరాలున్నాయి. మూడు భాషలు: సంస్కృతం, కన్నడం, తెలుగు. చెక్కించినవాడు జినవల్లభుడు. క్రీ.శ. 945 ప్రాంతమని పండితులు లెక్క కట్టారు. వేములవాడ చాళుక్యుల్లో రెండో అరికేసరి కాలం. జినవల్లభుడు ఎవరో కాదు, కన్నడిగులు ఆదికవిగా కొలిచే పంపకవికి తమ్ముడు. వేంగినాట వంగిపర్రు మూలాలున్న ఇల్లు. తండ్రి భీమపయ్య, తల్లి అబ్బణబ్బె.

వంగి ఒక అక్షరం దగ్గర ముఖం పెట్టి చూశాను. దూరం నుంచి చూస్తే గీత. దగ్గరికి పోతే అది గీత కాదు, వందల చిన్న చిన్న దెబ్బల వరుస. గ్రానైటు మెత్తటి రాయి కాదు, ఉలిని ఒక్క తోపుతో ముందుకు పోనివ్వదు. ఒక్కో పలుకును విడివిడిగా పగలగొడుతూ పోవాలి. నల్ల పలుకు ఒక తీరుగా రాలుతుంది, తెల్ల పలుకు ఇంకో తీరుగా. ఒక పెద్ద పలుకు సరిగ్గా అక్షరం వంపు తిరిగేచోట అడ్డొస్తే చెక్కేవాడు ఏం చెయ్యాలి? చుట్టూ నెమ్మదిగా తొలిచి, అదను చూసి, ఒక్క దెబ్బ వెయ్యాలి. ఎక్కువ పడితే అక్షరం పోతుంది, తిరిగి రాయడానికి ఇంకో కాగితం లేదు. ఆ వంపులో వేలు పెట్టి నడిపాను. అంచులు వాన తాకిడికి నున్నబడ్డాయి. లోపల మాత్రం ఇంకా గరుకుగానే ఉంది, నిన్ననే సుత్తె దించినట్టు.

ఇక ఆయన ఏం రాశాడు? నన్ను ఇక్కడికి మళ్లీ మళ్లీ రప్పించేది ఇదే. కన్నడ భాగంలో జినవల్లభుడు ఈ చోటు ఎక్కడుందో చెబుతాడు. ముందు దేశం పేరు: సబ్బినాడు, అంటే ఇప్పటి మన కరీంనగర్ సీమ. ఆ సబ్బినాటికి నట్టనడుమ అంటాడు. అక్కడ ధర్మపురం. దానికి ఉత్తరాన వృషభగిరి. ఆ గిరికి దక్షిణం వైపు. చివరికి, ఈ సిద్ధశిల. దేశం నుంచి ఊరికి, ఊరి నుంచి కొండకు, కొండ నుంచి ఒక పక్కకు, పక్క నుంచి ఒక్క రాయికి. చూపు పై నుంచి గద్దలా చక్కర్లు కొడుతూ దిగి, చివరికి బండ మీద వాలినట్టుంటుంది. కొత్త చోటును కనుగొన్న యాత్రికుడు తన తర్వాత వచ్చేవాడికి దారి చెప్పే పద్ధతి ఇదే.

దానిలో అన్నిటికన్నా చిన్నది "ఈ" అనే మాట. ఆ అక్షరం దగ్గర నేను ఎన్నిసార్లు ఆగానో చెప్పలేను. ఎక్కడో కూర్చొని రాసేవాడు "ఆ కొండ" అంటాడు. కాగితం మీద రాసినవాడు "ఈ కొండ" అని రాసినా, కాగితం ఇంకో ఊరికి పోగానే ఆ మాట అబద్ధమైపోతుంది. రాతి మీద రాసినవాడి "ఈ" మాత్రం వెయ్యేళ్లయినా నిజమే. చదివేవాడు ఆ మాట చదవాలంటే అక్కడే నిలబడాలి. నిలబడ్డాడంటే అతని కాళ్ల కింద, కళ్ల ముందు, వేలి కింద ఉన్నది సరిగ్గా ఆ రాయే.

లోకంలో పేరుపొందిన ప్రకృతి వింతలను మొదట చూసి రాసినవాళ్లను తలచుకుంటాను. 1855 నవంబరులో డేవిడ్ లివింగ్‌స్టన్ ఆఫ్రికాలో జాంబేజీ నది మీద పడవలో పోయి ఆ మహా జలపాతం అంచున నిలబడ్డాడు. అక్కడివాళ్లు అప్పటికే దాన్ని ఉరిమే పొగ అని పిలుచుకుంటున్నారు. ఎంత గొప్ప పేరు! ఆయన దానికి తన రాణి పేరు పెట్టాడు. అక్కడి దీవిలో ఒక చెట్టు మీద తన పేరు పొడి అక్షరాలూ సంవత్సరమూ చెక్కాడు. ఆ తర్వాత ఇంటికి పోయి పుస్తకం రాశాడు. 1869లో జాన్ వెస్లీ పావెల్ ఒంటిచేత్తో, నాలుగు పడవలతో, కొలరాడో నది కోసిన మహా లోయలోకి దిగాడు. రెండో చెయ్యి అంతకుముందే యుద్ధంలో పోయింది. ఆ ఉన్న చేత్తోనే పడవలో కూర్చొని కాగితపు ముక్కల మీద చూసింది చూసినట్టు రాసుకున్నాడు. ఆయన పడవల్లో ఒకటి బద్దలైంది, తిండి తడిసింది, ఆ కాగితాలు బయటపడ్డాయి. ఆ మనుషుల ధైర్యానికి చేతులెత్తి మొక్కుతాను. వాళ్లు రాయబట్టే ఆ వింతలు లోకానికి తెలిశాయి. అయినా అవన్నీ వింతను అక్కడే వదిలి, మాటలను వెంట తెచ్చుకున్న రాతలు. కురిక్యాలలో మాట వింతను వదిలి పోలేదు. రాయి గురించి రాసిన మాట రాతి ఒడిలోనే కూర్చుంది.

ఇంకో మాట. జినవల్లభుడు ఈ తీర్థాన్ని అనాది అన్నాడు. మొదలు లేనిది, తనంతట తాను సిద్ధించినది. అది భక్తుడి మాట, తీర్థాల గురించి అందరూ అనే మాట అని పక్కన పెట్టొచ్చు. నేను పక్కన పెట్టలేను. ఆయన చేతిలో రాయి వయసు లెక్కగట్టే పరికరం లేదు. కాలుతున్న బండ ఉంది, దాని మీద చెయ్యి ఉంది. ఆ చేతికి ఇది మనుషుల లెక్కలో పుట్టింది కాదని తెలిసిపోయింది. 250 కోట్ల ఏళ్లు అని మన కాలం చెప్పిన దాన్ని ఆయన కాలం అనాది అని చెప్పింది. రెండూ ఒకే ఆశ్చర్యం. నిజం చెప్పాలంటే, గుట్ట మీద నిలబడ్డప్పుడు అంకె కన్నా ఆయన మాటే నాకు ఎక్కువ అర్థమవుతుంది.

ఆయన ఈ శిల మీద మొదటి తీర్థంకరుణ్నీ చివరి తీర్థంకరుణ్నీ చెక్కించాడు, చక్రేశ్వరిని చెక్కించాడు. త్రిభువనతిలకమనే బసదిని, అంటే జైన గుడిని, కట్టించాడు. ఒక చెరువు తవ్వించాడు, ఒక తోట వేయించాడు. తోట పేరు మదనవిలాసం. చెరువు పేరు కవితాగుణార్ణవం. కవితాగుణార్ణవుడు అనేది అన్న పంపడి బిరుదు! అన్న పేరును తమ్ముడు నీళ్లకు పెట్టాడు. గుడికి పెట్టుకోవచ్చు, ఊరికి పెట్టుకోవచ్చు. ఈ ఎండల సీమలో, బండల సీమలో, నీళ్లకు పెట్టాడు. ఈ నేల మీద పుట్టినవాడికి దీని అర్థం విడమరిచి చెప్పక్కర్లేదు.

ఆ అన్నదమ్ములిద్దరినీ పక్కపక్కన నిలబెట్టి చూసుకోవడం నాకిష్టం. పంపడు 941 ప్రాంతంలో కన్నడంలో విక్రమార్జున విజయం రాశాడు. తన రాజు అరికేసరిని అర్జునుడితో పోల్చి భారతం చెప్పాడు. రాజు ఆయనకు ధర్మపురం అగ్రహారమిచ్చాడు. ఆ కావ్యంలో పంపడు దూరాన ఉన్న బనవాసి తోటలను తలచుకొని కరిగిపోతాడు, ఆ నేల మీద తుమ్మెదగానో కోకిలగానో అయినా పుట్టాలంటాడు. అన్నది దూరపు తోటల మీద బెంగ, తమ్ముడిది కాళ్ల కింది బండ మీద ప్రేమ. అన్న మాట తాటాకుల మీద ప్రయాణం చేసి కన్నడ దేశమంతా పాకింది. తమ్ముడి మాట ఇక్కడే ఉండి, వచ్చేవాళ్ల కోసం చూసింది. అన్నకు తల్లి ఎవరో, ఇంటి మూలాలు ఎక్కడివో ఈ తమ్ముడి రాయే గట్టిగా చెప్పింది. అప్పట్లో ఈ నాలుగూళ్ల గాలిలోనే ఏదో ఉండేది కాబోలు. ఇక్కడి గంగాధరలోనే 959లో సోమదేవసూరి సంస్కృతంలో యశస్తిలకం పూర్తిచేశాడు. ఇరవై ఏళ్ల లోపు, ఒక్క రాజవంశం నీడలో, మూడు భాషలు మూడు తీర్ల వికసించాయి.

అక్షరాల చివర్లో తెలుగు వస్తుంది. మూడు కందపద్యాలు. గుట్ట ఎక్కడుందో కన్నడం చెబితే, దాన్ని ఇట్లా తీర్చిన మనిషి గురించి తెలుగు పాడుతుంది. జినాలయాలు ఎత్తించడంలో, పూజల్లో, మునులకు అన్నం పెట్టడంలో ఇతనికి సాటి ఎవరంటుంది. ఒక్కొక్కరికి ఒక్కో గుణముంటే ఇతని గుణాలకు లెక్కే లేదంటుంది. పొగడ్త పాతదే కావచ్చు, దాని నడక చూడండి. కందం అంటే 64 మాత్రలు. మొదటి పాదం 12, రెండోది 20, మళ్లీ 12, మళ్లీ 20. పొట్టి అడుగు, పొడుగు అడుగు, గుట్ట ఎక్కేవాడు ఒక మెట్టు మీద ఆగి తర్వాతి బండను ఒక్క ఊపున అందుకున్నట్టు. ప్రతి పాదంలోనూ రెండో అక్షరం ప్రాసగా వచ్చి వాలాలి. కందం చెప్పగలిగినవాడే కవి అని మన పెద్దలు ఊరికే అనలేదు. తెలుగులో మనకు దొరికిన తొలి కందాలు ఇవి. రాజమహేంద్రవరంలో నన్నయ భారతానికి పూనుకోవడానికి దాదాపు వందేళ్ల ముందు, వేములవాడ సీమలో, రాతి మీద, ఏ తడబాటూ లేకుండా కందం నడిచింది. తొలి పద్యాల్లా లేవు అవి. అంతకుముందు ఎందరి నోళ్లలోనో నాని నాని, నునుపెక్కి వచ్చిన పద్యాల్లా ఉన్నాయి.

2008 అక్టోబరు 31న తెలుగుకూ కన్నడానికీ ఒకే రోజు ప్రాచీన హోదా ప్రకటించారు. ఆ రోజు వార్త వింటూ నేను ఈ బండనే తలచుకున్నాను. ఈ రెండు భాషలూ ఇక్కడ ఒకే లిపిలో, ఒకే ఉలితో, ఒకదాని పక్కన ఒకటి వెయ్యేళ్ల నుంచి కూర్చునే ఉన్నాయి.

పడమటి వైపు చూస్తే దూరాన ఒక గుట్ట సగం లేదు. కత్తితో కోసినట్టు నిలువు గోడలు. కరీంనగర్ గ్రానైటుకు దేశదేశాల్లో గిరాకీ. గోధుమ రంగు గుండ్రటి పలుకులతో మెరిసే మన రాయి దిమ్మెలై, రైళ్లెక్కి, కాకినాడ రేవుకు చేరి, ఓడల్లో చైనా దాకా పోయింది. క్వారీల దెబ్బ ఈ గుట్టకూ తగలబోయింది. ఊరివాళ్లు, కవులు, చరిత్ర చదివినవాళ్లు అడ్డు నిలబడ్డారు. వాళ్లకు నేను ఎంత రుణపడ్డానో చెప్పడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు. ఈ రాయిని కోసి ఎక్కడికైనా పంపొచ్చు, ఏ దేశంలోనైనా గచ్చుకు పరచొచ్చు. కానీ "ఈ సిద్ధశిల" అనే మాట ఇక్కడ తప్ప ఇంకెక్కడా చెల్లదు.

పొద్దు వాలింది. ఇదీ చూడాల్సిన సమయం. నడినెత్తిన ఎండ ఉన్నంతసేపూ అక్షరాలు సగం కనిపించవు, రాయి రంగులో కలిసిపోతాయి. ఎండ ఏటవాలుగా బండను రాసుకుంటూ పోయేటప్పుడు ఒక్కో గుంటలోకి నీడ చేరుతుంది. ముందు తలకట్లు లేచాయి. తర్వాత వంపులు. ఆ తర్వాత పంక్తులకు పంక్తులు, లోపలి నుంచి ఎవరో సిరా పోస్తున్నట్టు, నల్లగా పైకి తేలాయి. అమ్మ చేతిలోని చక్రం అంచు మెరిసింది. ఒక తొండ అక్షరాల మీదుగా పాకి, ఒక సున్న దగ్గర ఆగి, తలెత్తి చూసి, పగులులోకి దూరింది. కింద మేకల గంటలు ఇంటి దారి పట్టాయి. నేను నిలబడ్డచోట నుంచి కదల్లేదు. పైసా ఖర్చు లేకుండా, టికెట్టు లేకుండా, కొన్ని నిమిషాల పాటు వెయ్యేళ్ల కిందటి మనిషి నాకు చదివి వినిపించాడు.

ఫోను మోగింది. చెల్లె.

"అన్నా, యాడున్నవ్? పిల్లగాడు నీకోసం చూస్తున్నడు."

"కరీంనగర్ - జగిత్యాల రోడ్డున్నది గదా," అన్నాను. "అండ్ల గంగాధర కాడ కురిక్యాల. ఊరి గుట్ట ఉంటది చూడు, దానికి దక్షిణం దిక్కు. పైన పెద్ద బండ. ఆఁ, ఈ బండ కాడనే ఉన్న."